ఇరుకులో ఇమిడే అక్షరం

ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఇరవై ఆరింటినీ మధ్యలో ఖాళీ వదలకుండా, 12 పాయింట్ల సైజులో, ఒకే వరుసగా పేర్చి కొలవండి. టైప్‌రైటర్ వారసుడైన కొరియర్ ఫాంట్‌లో ఆ వరుస 187 పాయింట్ల పొడవు వస్తుంది. సెంచురీ స్కూల్‌బుక్‌లో 162 వస్తుంది. టైమ్స్ రోమన్‌లో 143 దగ్గర ఆగిపోతుంది. పాయింటంటే అంగుళంలో 72వ వంతు.

కొరియర్‌తో పోల్చడం అన్యాయమే. అందులో 'ఐ'కీ 'ఎమ్'కీ ఒకే వెడల్పు. కానీ సెంచురీ స్కూల్‌బుక్ పిల్లల పాఠ్యపుస్తకాల కోసమే గీసిన బుద్ధిమంతమైన అక్షరం. దానితో పోల్చినా టైమ్స్ వందకు పన్నెండు వంతులు తక్కువ చోటు తీసుకుంటోంది. స్కూల్‌బుక్‌లో ఎనిమిది కాలమ్‌లు పట్టే వార్త టైమ్స్‌లో ఇంచుమించు ఏడు కాలమ్‌లలో సర్దుకుంటుంది. మిగిలిన కాలమ్‌లో ఇంకో వార్త వేసుకోవచ్చు, లేదా ప్రకటన అమ్ముకోవచ్చు. పత్రిక నడిపేవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.

విచిత్రమేమిటంటే, టైమ్స్‌ను చూసి ఇది ఇరుకైన అక్షరమని ఎవరూ అనుకోరు. కండెన్స్‌డ్ అని పేరులోనే చెప్పుకునే అక్షరాలు వేరే ఉన్నాయి. అవి పోస్టర్ మీద చూసినా, పుస్తకం అట్ట మీద చూసినా సన్నగా నిటారుగా కనిపిస్తాయి. టైమ్స్ అలా కనిపించదు. గీతల కొసన చిన్న చిన్న పాదాలతో, నిలువు గీత లావుగా, అడ్డ గీత సన్నగా, నాలుగొందల ఏళ్లుగా యూరప్ పుస్తకాలు చదివిన కంటికి అలవాటైన రూపంతోనే ఉంటుంది. ఆ పాదాలనే సెరిఫ్‌లంటారు. సంప్రదాయ రూపం చెడకుండా, చదివేవాడికి అనుమానం రాకుండా వెడల్పు తగ్గించడం ఎలా సాధ్యమైందన్నదే ఈ అధ్యాయంలో విషయం. ఆ అక్షరం తనకు సంబంధం లేని కాగితం మీదికి ఎలా వచ్చిపడి చెడ్డపేరు తెచ్చుకుందన్నది రెండో సంగతి. నా మటుకు నాకు రెండోదే ముఖ్యం.

ఈ పొదుపు ఇరవయ్యో శతాబ్దపు కల్పన కాదు. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి టైపు శిల్పి రొబేర్ గ్రాంజోన్ చెక్కిన అక్షరాలలో చిన్న అక్షరాల పొట్ట పెరిగింది. అంటే 'ఎక్స్', 'ఓ', 'ఎన్' లాంటి అక్షరాల ఎత్తు పెరిగి, పైకి లేచే కొమ్ములూ కిందికి దిగే తోకలూ పొట్టివయ్యాయి. ఈ పొట్ట ఎత్తును అచ్చు పనివాళ్లు ఎక్స్-హైట్ అంటారు. అది పెరిగితే చిన్న సైజులో అచ్చేసినా అక్షరం పెద్దదిగా అనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దానికి హాలండ్ వాళ్లు ఈ మార్గంలో ఇంకా ముందుకు పోయారు. పొట్ట పెంచారు, పక్కలు నొక్కారు, రంగు ముదిర్చారు. పారిస్‌లో టైపు పోతపోసే పియెర్ సిమోన్ ఫూర్నియే వీటికి హాలండ్ అభిరుచి అని పేరు పెట్టాడు. తన దగ్గర ఇంకా సన్నని రకాన్ని 'పొయెతీక్' పేరుతో అమ్మాడు. పన్నెండు సిలబుల్స్ ఉండే ఫ్రెంచి పద్యపాదం చిన్న పుస్తకంలో ఒక వరుసలో పట్టక, చివరి మాట విరిగి కిందికి జారితే పద్యం పాడైనట్టే. అందుకని పద్యాలకు ప్రత్యేకంగా సన్నని అక్షరం. సాహిత్యం కోసం అక్షరం నడుము తగ్గించుకున్న సందర్భం అచ్చు చరిత్రలో నాకు తెలిసి ఇదొక్కటే.

టైమ్స్ కథ 1929లో మొదలవుతుంది. లండన్ 'టైమ్స్' పత్రిక అచ్చు బాగాలేదని స్టాన్లీ మోరిసన్ విమర్శించాడు. ఆయన మోనోటైప్ కంపెనీకి సలహాదారు, స్వయంగా చదువుకున్న పండితుడు, మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టనని జైలుకు వెళ్లిన మనిషి. విమర్శించినవాణ్ణే పిలిచి బాగుచేయమన్నారు. మోరిసన్‌కు చరిత్ర తెలుసు, అక్షరం గీసే చెయ్యి లేదు. అందుకని పత్రిక ప్రకటనల విభాగంలో బొమ్మలు గీసే విక్టర్ లార్డెంట్‌ను పక్కన పెట్టుకుని, నమూనాగా ప్లాంటిన్ అనే అక్షరాన్ని ఇచ్చాడు. ప్లాంటిన్‌ను మోనోటైప్ 1913లో గ్రాంజోన్ టైపు ఆధారంగానే తయారుచేసింది. అంటే వంశం తిన్నగా పదహారో శతాబ్దానికి పోతుంది. లార్డెంట్ గీతలను సరేలోని సాల్‌ఫర్డ్స్‌లో ఉన్న మోనోటైప్ డ్రాయింగ్ ఆఫీసు సవరించి, సవరించి, చివరికి ఉక్కు పంచ్‌లుగా చెక్కించింది. 1932 అక్టోబర్ 3న పత్రిక కొత్త అక్షరంతో వెలువడింది. ఏడాది పాటు పత్రిక సొత్తుగానే ఉండి, ఆ తర్వాత ఎవరైనా కొనుక్కునేలా బజారులోకి వచ్చింది.

దీని పుట్టుక మీద ఒక తగాదా ఉంది. అమెరికన్ నౌకాశిల్పి స్టార్లింగ్ బర్జెస్ దీన్ని ముందే గీశాడని 1990లలో ఒక వాదం లేచింది. గట్టి రుజువు లేదు కనుక చాలామంది నిపుణులు ఒప్పుకోలేదు. నేనూ దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను. ఎవరు గీశారన్నదానికంటే ఏం చేశారన్నది ఎక్కువ రుచిగా ఉంది.

ఏం చేశారో చూడాలంటే ఒక్క అక్షరం దగ్గర ఆగుదాం. చిన్న 'ఎన్' తీసుకోండి. కంప్యూటర్ టైమ్స్ రోమన్‌లో అక్షరం సైజును వెయ్యి భాగాలు చేస్తే, 'ఎన్' వెడల్పు అటూ ఇటూ వదిలే ఖాళీతో కలిపి 500 భాగాలు. అందులో నిలువు గీతలు రెండు, ఒక్కొక్కటి సుమారు 84 భాగాలు. సన్నని అడ్డగీతల మందం 28. లావుకూ సన్నానికీ నిష్పత్తి మూడుకు ఒకటి. ఇప్పుడు ఈ 'ఎన్'ను ముప్పై శాతం ఇరుకు చేయాలి. 500ను 350కి దించాలి.

సులువు దారి ఒకటుంది. కంప్యూటర్‌లో వెడల్పు గడిలో 70 అని కొట్టడమే. అప్పుడు అన్నీ సమంగా నొక్కుకుపోతాయి. 84 ఉన్న నిలువు గీత 59 అవుతుంది. అడ్డ గీతల మందం మాత్రం నిలువు దిశలో ఉంటుంది కాబట్టి 28కి 28 అలాగే నిలబడుతుంది. మూడుకు ఒకటిగా ఉన్న నిష్పత్తి రెండుకు ఒకటికి జారిపోతుంది. గుండ్రని 'ఓ' పక్కలు పలచబడి, పైనా కిందా మాత్రం ముందులాగే ఉంటుంది. పేజీ మొత్తం రంగు వెలిసినట్టవుతుంది. చదివేవాడికి ఎక్కడ తేడా ఉందో చెప్పడం రాదు కానీ ఏదో జబ్బు చేసినట్టుందని మాత్రం తెలుస్తుంది.

కష్టమైన దారి మళ్లీ గీయడం. నిలువు గీతల నలుపు తగ్గనివ్వకుండా వెడల్పు తగ్గించాలి. రెండు గీతలకు 168 భాగాలు పోతే, మొదట్లో తెల్లదనానికి మిగిలింది 332. ఇరుకు చేశాక మిగిలేది 182. అంటే అక్షరం ముప్పై శాతం తగ్గితే అందులోని తెల్లదనం నలభై అయిదు శాతం తగ్గింది. ఇల్లు ఇరుకు చేస్తే గోడలు సన్నబడవు, గదులే చిన్నవవుతాయి. కండెన్స్‌డ్ అక్షరం గీసేవాడి పనంతా ఈ మిగిలిన తెలుపును ఎలా పంచాలన్నదే. అక్షరం కడుపులో ఎంత ఉంచాలి, రెండు అక్షరాల మధ్య ఎంత వదలాలి, సెరిఫ్‌లను ఎంత కత్తిరిస్తే పక్క అక్షరం పాదాన్ని తొక్కకుండా ఉంటాయి, ఇవీ ప్రశ్నలు. నిజానికి గీసేవాళ్లు నిలువు గీతను కూడా పిసరంత పలచన చేస్తారు. లేకపోతే అక్షరం బోల్డ్‌లా ముదిరిపోతుంది.

లార్డెంట్, మోనోటైప్ వాళ్లు ప్లాంటిన్‌కు చేసిన మార్పులు ఈ వెలుగులో అర్థమవుతాయి. నిలువు గీతల నలుపు ఉంచి, సన్నని గీతలను ఇంకా సన్నం చేశారు. సెరిఫ్‌లను పదునుగా, చిన్నగా చెక్కారు. గీత సన్నబడినచోటల్లా తెలుపు కాస్త తిరిగొచ్చింది. పొట్ట ఎత్తు పెద్దదిగానే ఉంచి, కొమ్ములనూ తోకలనూ కురచ చేశారు. పెద్ద అక్షరాలను కొమ్ముల ఎత్తుకంటే కాస్త తక్కువలోనే ఆపేశారు. దాంతో వరుసలను దగ్గర దగ్గరగా పేర్చినా ఒకదాని తోక మరోదాని తలకు తగలదు. పొదుపు అడ్డంగానే కాదు, నిలువుగానూ దొరికింది.

ఇంతకీ కంటికి ఎంత అక్షరం కావాలి? చదివేటప్పుడు మన చూపు వరుస మీద జారదు, గెంతుతుంది. ఒక్కో గెంతు ఏడెనిమిది అక్షరాల దూరం. ఒక్కోచోట సుమారు పావు సెకను నిలుస్తుంది. ఆ నిలిచిన క్షణంలో కంటి మధ్యభాగానికి మాత్రమే అక్షరాలు స్పష్టంగా తెలుస్తాయి. అక్షరం మరీ చిన్నదైతే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్స్-హైట్ కంటి దగ్గర 0.2 డిగ్రీల కోణం చేసేంత ఉంటే చాలు, అక్కణ్ణుంచి చాలా పెద్ద సైజుల దాకా చదివే వేగం దాదాపు ఒకటేగా ఉంటుందని దృష్టిశాస్త్ర ప్రయోగాలు తేల్చాయి. కాగితాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కోణానికి 1.4 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. ఇప్పుడు టైమ్స్‌ను 9 పాయింట్లలో వేసి చూడండి. దాని ఎక్స్-హైట్ సైజులో 45 శాతం, అంటే సుమారు 4 పాయింట్లు. మిల్లీమీటర్లలోకి మారిస్తే 1.4. పత్రిక సైజులో టైమ్స్ సరిగ్గా ఆ గట్టు మీద నిలబడింది. 1930లలో ఈ కోణాల లెక్క ఎవరి దగ్గరా లేదు. తరాల తరబడి అచ్చుపనివాళ్లు పాఠకుల ఫిర్యాదులు వింటూ, నమూనాలు తీస్తూ, కంటితో కొలిచి చేరిన చోటు అది.

కంటికి ఇంకో పరిమితి ఉంది. చూపు నిలిచిన చోటికి కాస్త పక్కన ఉన్న అక్షరాన్ని, ఒంటరిగా ఉంటే గుర్తుపట్టగలం. అటూ ఇటూ వేరే అక్షరాలు ఒరుసుకుంటే గుర్తుపట్టలేం. గీతలన్నీ కలగాపులగమైపోతాయి. దీన్ని క్రౌడింగ్ అంటారు. 1970లో దృష్టి పరిశోధకుడు హెర్మన్ బౌమా దీనికి ఒక సూత్రం చెప్పాడు. చూపు మధ్య నుంచి ఎంత దూరంలో అక్షరం ఉందో, పక్క అక్షరాలు దానికి ఇంచుమించు సగం దూరమైనా ఎడంగా ఉండాలి, లేకపోతే గుర్తుపట్టడం కష్టం. ఒక గెంతులో ఎన్ని అక్షరాలు కలిసొస్తాయో ఇదే నిర్ణయిస్తుంది. కాబట్టి చిన్న సైజులో అక్షరాలను పరిమితి దాటి నొక్కితే కాగితం మిగులుతుంది కానీ చదువు మందగిస్తుంది. అలాగని మామూలు ఎడాన్ని ఇంకా పెంచితే వేగం పెరుగుతుందా అంటే, పెరగదు. అచ్చులో వాడుకలో స్థిరపడిన ఎడమే దాదాపు తగినదని ప్రయోగాలు చెబుతున్నాయి.

ఈ కారణానికే పాత సీసపు టైపు రోజుల్లో ప్రతి సైజునూ విడిగా చెక్కేవారు. 6 పాయింట్ల అక్షరాన్ని వెడల్పుగా, మొద్దుగా, ఎడం ఎడంగా. 36 పాయింట్ల అక్షరాన్ని సన్నగా, పదునుగా, దగ్గర దగ్గరగా. పెద్ద సైజులో క్రౌడింగ్ బాధ లేదు, చోటు కరువు మాత్రం ఉంది. ఫోటో టైప్‌సెట్టింగ్ వచ్చాక ఒకే బొమ్మను పెంచి తగ్గించి అన్ని సైజులకూ వాడటం మొదలైంది. కంప్యూటర్‌లోనూ చాలాకాలం అదే సాగింది. టైమ్స్‌కు ఒక కంప్యూటర్ రూపమైన టైమ్స్ న్యూ రోమన్ లేజర్ ప్రింట్‌లో పాలిపోయినట్టు కనిపించడానికి మూలం కొంత ఇక్కడే ఉంది. సీసం అక్షరం కాగితంలోకి నొక్కుకుని, సిరా కొద్దిగా పాకి, గీత లావెక్కేది. ఆ లావును లెక్కలో పెట్టుకునే పంచ్‌ను సన్నగా చెక్కారు. సిరా పాకని కాలంలో ఆ సన్నదనమే మిగిలింది.

నిజానికి ఆ రోజుల్లోనూ టైమ్స్ అక్షరం అన్ని పత్రికలకూ నప్పలేదు. లండన్ టైమ్స్ మామూలు న్యూస్‌ప్రింట్ కంటే తెల్లని మేలైన కాగితం మీద, శ్రద్ధగా అచ్చయ్యేది. సన్నని గీతలు అక్కడ బతికాయి. చవక కాగితం మీద, వేగంగా తిరిగే రోటరీ యంత్రాల మీద అవి విరిగిపోవడమో, సిరా పూసుకుపోవడమో జరిగేది. అమెరికా పత్రికలు చాలావరకు లైనోటైప్ కంపెనీవారి అయానిక్ నంబర్ 5, ఎక్సెల్సియర్, 1941లో వచ్చిన కరోనా లాంటి మొద్దు అక్షరాలనే వాడాయి. చివరికి 1972లో లండన్ టైమ్స్ కూడా తన సొంత అక్షరాన్ని వదిలేసి వేరేది తెచ్చుకుంది. పత్రిక వదిలేసిన అక్షరాన్ని ప్రపంచం నెత్తిన పెట్టుకోవడం ఆ తర్వాతి ముచ్చట.

1985లో ఆపిల్ కంపెనీ లేజర్‌రైటర్ ప్రింటర్ అమ్మకానికి వచ్చినప్పుడు అందులో ఉన్న నాలుగు ఫాంట్ కుటుంబాలు టైమ్స్, హెల్వెటికా, కొరియర్, సింబల్. 1992లో విండోస్ 3.1తో టైమ్స్ న్యూ రోమన్ ప్రతి ఆఫీసుకూ చేరింది. వర్డ్‌లో 2007 దాకా ఏ అక్షరమూ ఎంచుకోకుండా కొట్టడం మొదలుపెడితే వచ్చేది అదే. అంతకుముందు ఆ బల్లల మీద ఉన్నది టైప్‌రైటర్. ఇక్కడ జరిగిన పొరపాటు ఎవరూ గమనించలేదు. యంత్రం మారింది, అక్షరం మారింది, మార్జిన్‌లు మాత్రం మారలేదు.

లెక్క చూడండి. ఏ4 కాగితం మీద రెండు పక్కలా అంగుళం చొప్పున వదిలితే వరుస పొడవు సుమారు 451 పాయింట్లు. కొరియర్ 12 పాయింట్లలో అక్షరానికి 7.2 పాయింట్లు, వరుసకు 62 అక్షరాలు. హాయిగా చదవగలిగిన వరుసకు 45 నుంచి 75 అక్షరాలు ఉండాలని పుస్తక రూపకర్తలు చెబుతారు. కొరియర్ ఆ మేరలోనే ఉంది. అదే కాగితం, అవే మార్జిన్‌లు, టైమ్స్ 12 పాయింట్లు అయితే, ఖాళీలతో కలిపి సగటున అక్షరానికి 4.9 పాయింట్లు. వరుసకు 92 అక్షరాలు. వరుస చివరికి వెళ్లిన చూపు వెనక్కి వచ్చి కింది వరుస మొదలు పట్టుకోవాలంటే తడబడుతుంది. చదివిన వరుసే మళ్లీ చదువుతాం. రెండంగుళాల కాలమ్‌లో 9 పాయింట్లలో వేస్తే వరుసకు 39 అక్షరాలు పట్టేలా కుదిరిన అక్షరం ఇది. దాన్ని తెచ్చి కాగితం అటు కొస నుంచి ఇటు కొస దాకా పరిచి, తర్వాత టైమ్స్ విసుగు పుట్టిస్తుంది, గవర్నమెంటు వాసన కొడుతుంది అని తిట్టారు. విసుగు పుట్టించింది వరుస. నింద మోసింది అక్షరం.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి. సుప్రీంకోర్టు 2020లో తన ముందుకొచ్చే కాగితాలకు ఒక నియమం పెట్టింది. ఏ4 కాగితం, రెండు వైపులా అచ్చు, టైమ్స్ న్యూ రోమన్ 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం, కుడి ఎడమల 4 సెంటీమీటర్ల మార్జిన్. అంతకుముందు పొడవాటి లీగల్ సైజు కాగితం ఒక వైపే వాడే అలవాటు. కాగితం పొదుపు కోసం చేసిన మార్పు ఇది. అయితే కొలిస్తే ఇంకోటి తేలుతుంది. 21 సెంటీమీటర్లలో 8 తీసేస్తే మిగిలే 13 సెంటీమీటర్లు 368 పాయింట్లు. 14 పాయింట్ల టైమ్స్‌లో అక్షరానికి సుమారు 5.7. వరుసకు 64 అక్షరాలు! పుస్తక రూపకర్తల మేరకు నట్టనడుమ. హైకోర్టు వీధిలో టైపింగ్ షాపు నడిపేవాళ్లను అడిగితే ఆ మార్జిన్ చూసి చోటు దండగంటారు. నన్నడిగితే కంప్యూటర్ కాలంలో ఆఫీసు కాగితం మీద టైమ్స్‌కు దొరికిన అతి మర్యాదైన చోటు అదే.

అమెరికా విదేశాంగశాఖ కూడా 2004లో కొరియర్ వదిలి టైమ్స్‌కు మారినప్పుడు 14 పాయింట్లే అంది. 2023లో కాలిబ్రికి మారింది, 2025 డిసెంబరులో మళ్లీ టైమ్స్‌కు రమ్మని ఉత్తర్వు వచ్చింది. ఈ మార్పుల వెనక రాజకీయం ఎక్కువ, కంటిశాస్త్రం తక్కువ.

పాయింట్ల సైజు ఒక్కటే చూసి పొదుపు లెక్కకడితే ఎలా బోల్తాపడతామో 2014లో జరిగిన ఒక చిన్న ఘటన చూపించింది. పిట్స్‌బర్గ్ ప్రాంతపు బడి పిల్లవాడొకడు, ప్రభుత్వం టైమ్స్ న్యూ రోమన్ బదులు గారమండ్ వాడితే సిరా ఖర్చులో కోట్ల డాలర్లు మిగులుతాయని లెక్క కట్టాడు. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. పిల్లవాడి శ్రద్ధను మెచ్చుకోవలసిందే. కానీ అక్షరాల రూపకర్తలు వెంటనే అసలు కిటుకు చెప్పారు. గారమండ్ ఎక్స్-హైట్ సైజులో 40 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. ఒకే 12 పాయింట్లు అని రాసినా గారమండ్ కంటికి చిన్నదిగా అచ్చవుతుంది. చిన్న అక్షరానికి సిరా తక్కువ పడుతుంది, అందులో వింతేముంది? రెండింటినీ కంటికి సమానమయ్యేలా పెంచితే ఆ మిగులు చాలావరకు ఆవిరైపోతుంది. టైమ్స్ గొప్ప అక్కడే ఉంది. అది ఎత్తు తగ్గించి పొదుపు చేయలేదు, ఎత్తు ఉంచి పొదుపు చేసింది.

ఇక బాహాటంగా సన్నగా ఉండే సెరిఫ్ అక్షరాల చోటు శీర్షికల్లో. అమెరికాలో 1896 ప్రాంతంలో బెర్ట్రామ్ గుడ్‌హ్యూ గీసిన చెల్టెన్‌హామ్ సన్నని, లావైన రూపాల పెద్ద కుటుంబంగా పెరిగింది. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ శీర్షికల్లో అది రకరకాల ఇతర అక్షరాలతో కలిసి కాపురం చేసేది. 2003లో ఆ పత్రిక మిగతావాటిని సాగనంపి, మాథ్యూ కార్టర్ చేత కొత్తగా గీయించిన చెల్టెన్‌హామ్ ఒక్కదాన్నే ఉంచింది. ఒక కాలమ్ వెడల్పులో శీర్షిక పెట్టాలంటే సన్నని అక్షరం లేకుండా పని జరగదు. వరుసకు రెండు మాటలైనా పట్టకపోతే సబ్ ఎడిటర్ అసలు మాట మానేసి పొట్టి మాట వెతుక్కుంటాడు. అంటే అక్షరం నడుము కొలత వార్త భాషను కూడా కొంత శాసిస్తుంది.

ఆపిల్ కంపెనీ దారి ఇంకోటి. మాకింటాష్ వచ్చిన 1984 నుంచి సుమారు పద్దెనిమిదేళ్లు దాని ప్రకటనల్లో, పెట్టెల మీద కనిపించింది ఐటీసీ గారమండ్‌ను దాదాపు 80 శాతానికి సన్నం చేసిన రూపం. పైన మనం వద్దన్న పనే అది, అడ్డంగా నొక్కడం. అయినా ఎబ్బెట్టుగా లేకపోవడానికి కారణాలున్నాయి. ఐటీసీ గారమండ్ ఎక్స్-హైట్ అసలే చాలా పెద్దది. నొక్కింది ఇరవై శాతమే. తర్వాత బిట్‌స్ట్రీమ్ కంపెనీ ఆ రూపాన్ని సరిదిద్ది ఇచ్చింది. పైగా వాడింది పెద్ద సైజులో, చుట్టూ బోలెడంత తెల్ల కాగితం వదిలి. చోటు కరువై కాదు, ఆ పొడుగుదనం ఇచ్చే నాగరికత కోసం నొక్కారు.

తెలుగు పేజీ దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. మన అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, గుండ్రాలు ఎక్కువ. గీత మందం అన్నివైపులా ఇంచుమించు ఒకటే. దీన్ని అడ్డంగా 70 శాతానికి నొక్కితే పక్కల మందం 70కి పడి, పైనా కిందా 100 ఉండిపోతుంది. రోమన్‌లో లావు సన్నాల తేడా తగ్గితే, తెలుగులో లేని తేడా పుట్టుకొస్తుంది, అదీ తలకిందులుగా. డీటీపీ సెంటర్లలో ఆహ్వాన పత్రికలో పేరు పట్టలేదనో, శీర్షిక ఒక అక్షరం మిగిలిపోయిందనో నొక్కేసిన తెలుగు చూడండి. సున్నాలు కోడిగుడ్లయి, వాటి నెత్తినా అడుగునా మసి పట్టినట్టుంటుంది.

దానికి మించిన చిక్కు అక్షరాల కడుపులో ఉంది. 'ర' కడుపులో చుక్క పడితే 'ఠ' అవుతుంది. 'ద' అడుగున చిన్న నిలువు గీత పడితే 'ధ'. తలకట్టు విడిగా ఉందా అంటుకుందా అన్నదాని మీదే 'ప', 'వ'ల తేడా ఆధారపడి ఉంది. రోమన్‌లో 'ఎన్' కడుపు ఖాళీగా ఉంటుంది, నలభై అయిదు శాతం తీసేసినా అందులో కాపురం ఉన్నవాళ్లెవరూ లేరు. మన కడుపులో చుక్క కాపురముంటుంది. నిలువుగా పొదుపు చేద్దామంటే ఒత్తులు ఒప్పుకోవు. టైమ్స్ తోకలు కురచ చేసి వరుసలు దగ్గరికి లాగింది. 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వేలాడుతుంటే తెలుగు వరుస ఎక్కడికి జరుగుతుంది? అందువల్ల తెలుగులో ఇరుకైన అక్షరం కావాలంటే ఉన్నదాన్ని నొక్కడం కుదరదు, ఆ ఇరుకు కోసమే గీయాలి. చుక్కను చిన్నది చేయాలి, గుండ్రాన్ని కోలగా కాక పక్కలు తిన్నగా ఉండే రూపంలోకి తేవాలి, పక్కల మందం నిలబెట్టాలి.

ఇప్పుడు అందుకు పనిముట్లున్నాయి. అడోబీ కంపెనీ 1990ల మొదట్లోనే మల్టిపుల్ మాస్టర్ అనే పద్ధతిలో, రాబర్ట్ స్లింబాక్ గీసిన మిన్యన్ అక్షరానికి లావు, వెడల్పు, సైజు మూడూ మార్చుకునే వీలు కల్పించింది. రూపకర్త వెడల్పు రూపం ఒకటి, సన్నని రూపం ఒకటి గీసి పెడతాడు. మధ్యలో కావలసిన కొలతను యంత్రం లెక్కకట్టి ఇస్తుంది. 2016లో అడోబీ, ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి దాన్నే వేరియబుల్ ఫాంట్‌లుగా కొత్తగా తెచ్చాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో సాన్స్ తెలుగులో వెడల్పును 100 నుంచి 75 దాకా తగ్గించుకోవచ్చు. దాన్ని 75లో పెట్టి ఒక శీర్షిక వేయండి. మామూలు రూపాన్ని 75 శాతానికి నొక్కి అదే శీర్షిక పక్కన వేయండి. మాటల్లో 'ఠ' ఒకటి, 'ధ' ఒకటి ఉండేలా చూసుకోండి, 'కంఠధ్వని' లాంటిది. రెండు ప్రింట్లు తీసి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి, ముందు చుక్కను, తర్వాత గుండ్రం పక్కల మందాన్ని చూడండి.